వాయిదా మన జన్మహక్కు

అమెరికా న్యాయవ్యవస్థకి నాదొక మనవి. ఇకమీదట ఎవరినైనా జ్యూరీకి పిలిచే ముందు ఆ ఇంటి ఇల్లాలి క్యాలెండర్ ఒకసారి చూసుకుని పిలవండి.

జరిగింది ఇదీ. మే మొదటి వారంలో, ఇండియన్ స్టోర్ వాళ్ళ మామిడిపండ్ల ఫ్లయర్‌కీ గడ్డికి మందు కొట్టేవాళ్ళ కార్డుకీ మధ్యన నలిగిపోయి ఒక కవరు వచ్చింది. జూన్ 22 సోమవారం పొద్దున్నే కోర్టుకి రావాలట, జ్యూరీ డ్యూటీ. అంటే మామూలు జనాన్నే డిప్ తీసి పిలిచి, కేసు విని తీర్పు చెప్పమంటారు. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. అప్పటికి నాలుగు నెలల ముందే, సరిగ్గా సంక్రాంతి రోజున, దోహా మీదుగా హైదరాబాద్‌కి నాలుగు టికెట్లు కొనేశాం. జూన్ 12న ప్రయాణం, జూలైలో తిరుగు, నాన్ రిఫండబుల్. ఒకవైపు రాజ్యాంగం, ఇంకోవైపు నాన్ రిఫండబుల్ టికెట్. దేన్ని కదిలిస్తారు చెప్పండి? రాజ్యాంగాన్ని ఇప్పటికి 27 సార్లు సవరించారు, ఆ టికెట్‌ని మాత్రం ఒక్కసారి సవరించడానికి మనిషికి 400 డాలర్లు అడిగాడు.

అసలు తప్పు నాదే. నాలుగేళ్ళ కిందట పౌరసత్వం ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ అడిగిన వాటిలో ఇదీ ఉంది: అమెరికా పౌరులకు మాత్రమే ఉన్న బాధ్యత ఒకటి చెప్పు. అప్పటి పరీక్షకి 100 ప్రశ్నలు బట్టీ పట్టాలి, పది అడుగుతారు, ఆరు చెబితే పాస్. ఇది 49వ ప్రశ్న. దీనికి రెండు జవాబులుంటాయి, జ్యూరీలో కూర్చోవడం, ఫెడరల్ ఎన్నికల్లో ఓటెయ్యడం. ఏదో ఒకటి చెబితే చాలన్నారు కాబట్టి ఓటు అన్నాను. పదో తరగతి నుంచీ చాయిస్‌లో వదిలేసి పాసైన ప్రాణం, రెండోది చాయిస్‌లో వదిలేశాను. వదిలేసిందే ఇప్పుడు అడ్రసు కనుక్కుని ఇంటికొచ్చింది.

కవరు ఫోటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. "చదవడం రాయడం రాదని టిక్ పెట్టు బావా, వదిలేస్తారు" అన్నాడొకడు. ఇరవై ఏళ్ళుగా వందల పేజీల డిజైన్ డాక్యుమెంట్లు రాసి బతుకుతున్నవాణ్ణి నేను (అవి చదివిన మా మేనేజర్ ఆ టిక్కుని సమర్థించవచ్చు, అది వేరే సంగతి). ఇంకొకడు "సిటిజన్ కాదని పెట్టెయ్" అన్నాడు. టెక్సాస్‌లో అలా తప్పించుకున్నవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితా చూసేవాళ్ళ దగ్గరికి వెళతాయి, అంటే 49వ ప్రశ్నకి నేను చెప్పిన ఆ ఒక్క జవాబూ ఊడుతుంది. మూడోవాడి సలహా ఏంటంటే జ్యూరీ సెలెక్షన్‌లో లాయర్లు ప్రశ్నలు వేసినప్పుడు "కేసు పెట్టారంటే వాడు చేసే ఉంటాడండీ" అని గట్టిగా అనాలట, అంటే పంపించేస్తారట. గ్రీన్ కార్డు క్యూలో పన్నెండేళ్ళుగా నిలబడ్డ తమ్ముడొకడున్నాడు మాకు, వాడు మాత్రం "నాకూ వచ్చింది అన్నా, డ్రైవింగ్ లైసెన్సుల లిస్టులోంచి కూడా లాగుతారంట. సిటిజన్ కాదని పెడితే వెంటనే అక్కర్లేదన్నారు. వీళ్ళు కూడా" అని రాసి ఏడుపు బొమ్మ పెట్టాడు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

తీరా చూస్తే ఈ తెలివితేటలేవీ అక్కర్లేదు. టెక్సాస్ చట్టం ప్రకారం, గడిచిన ఏడాదిలో ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) వాయిదా తీసుకోనివాడు అడిగితే ఇచ్చి తీరాల్సిందే, ఆరు నెలల్లోపు ఇంకో తేదీకి ఒప్పుకుంటే సరి, కారణం చెప్పే పని లేదు. పలక్కుండా ఊరుకున్నవాడికే 100 నుంచి 1000 డాలర్ల దాకా జరిమానా. ఇక్కడ నా మనసు చాలా గాయపడిందని చెప్పాలి. ఎందుకంటే అప్పటికే ఒకటిన్నర పేజీ కారణం రాసి పెట్టుకున్నాను, అందులో అమ్మ మోకాలి ఆపరేషన్ ఉంది, పిల్లలకు మాతృభాష దూరమవడం ఉంది, చివర్లో అమెరికా మీద నాకున్న భక్తి ఉంది. వెబ్‌సైట్‌లో కారణం రాయడానికి చోటే ఇవ్వలేదు! సెలవు చీటీల కోసం ఒకే తాతమ్మని నాలుగుసార్లు చంపుకుని పైకొచ్చినవాళ్ళం, మమ్మల్ని కారణం అడగకపోవడం అవమానం కాదా.

తేదీ అడిగింది, అది చాలు మా ఇంట్లో గొడవకి. జూలై వద్దు, జెట్‌లాగ్. ఆగస్టులో పిల్లల స్కూళ్ళు తెరుస్తారు, వెంటనే శ్రావణ శుక్రవారాలు. "కోర్టు సోమవారం కదా" అన్నాను. "గురువారం సాయంత్రం శనగలు నానబోసేది ఎవరండీ, వారంలో వదలకపోతే?" అంది మా ఆవిడ. కేసు వారం దాటి సాగే ప్రమాదాన్ని కూడా లెక్కేసిన ఆమె దూరదృష్టికి తలవంచాను. సెప్టెంబరులో వినాయక చవితి, కాలనీ పందిరికి నేనే కోశాధికారిని. అక్టోబరులో బతుకమ్మ, దసరా. నవంబరులో దీపావళి, కార్తీక వనభోజనాలు, థాంక్స్‌గివింగ్‌కి వచ్చే మా తోడల్లుడి కుటుంబం. డిసెంబరుతో ఆరు నెలలూ సరి. ఇక పంచాంగం తీస్తే నిమజ్జనానికీ దసరాకీ మధ్య మహాలయ పక్షాలు కనిపించాయి. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, ఎవరూ దేనికీ పిలవరు. అమెరికా న్యాయవ్యవస్థకి మేము కేటాయించగలిగిన పక్షం అదొక్కటే. సెప్టెంబరు 28 మీద నొక్కాను. రెండు నిమిషాల్లో వాయిదా వచ్చేసింది.

జీతం సంగతి కూడా చెప్పుకోవాలి. టెక్సాస్‌లో జ్యూరర్‌కి మొదటి రోజు 20 డాలర్లు, తర్వాత రోజుకి 58. 2023 సెప్టెంబరుకి ముందు ఆ మొదటి రోజు 6 డాలర్లే. ఈ ఇరవై మీద మా ఆవిడ ఒక న్యాయసూత్రం కనిపెట్టింది. రాజ్యాంగం ఏడో సవరణలో, ఇరవై డాలర్లు దాటిన సివిల్ వ్యాజ్యానికి ఫెడరల్ కోర్టులో జ్యూరీ హక్కు ఉంటుందని 1791లో రాసుకున్నారు, ఇప్పటికీ ఆ అంకె మార్చలేదు. "మీకిచ్చేది సరిగ్గా ఇరవై, దాటలేదు. రేపు ఎగ్గొట్టినా జ్యూరీ ముందు చెప్పుకోవడానికి కూడా లేదు" అంది. ఇలాంటి మనిషిని వదిలేసి నన్ను పిలిచారు.

పిలవడం అంటే గుర్తొచ్చింది, నా బతుకంతా లక్కీ డిప్పుల మీదే నడిచింది. ఏడాదికి 85,000 వీసాల కోసం తీసే హెచ్1బీ లాటరీలో పేరు రావాలని మొక్కని దేవుడు లేడు, వచ్చింది. తర్వాత ఆ మొక్కు తీర్చుకోవడానికి శ్రీవారి ఆర్జిత సేవ లక్కీ డిప్‌లో పేరు రావాలని నెలనెలా ఆన్‌లైన్‌లో నమోదు చేస్తూనే ఉన్నాను, సుప్రభాతం ఇంతవరకూ తగల్లేదు. దరఖాస్తు పెట్టకుండా, మొక్కకుండా, ఓటీపీ కూడా కొట్టకుండా మొదటిసారే పేరొచ్చింది ఈ జ్యూరీ డిప్‌లోనే. ప్రాచీన ఏథెన్స్‌లో ఇందుకోసం రాతితో చేసిన లాటరీ యంత్రమే ఉండేది, ఏటా 6,000 మందిని తీసి పెట్టుకుని రోజుకి మూడు ఓబోల్ నాణేలు చేతిలో పెట్టేవాళ్ళు. పైగా తమంతట తాము పేర్లు ఇచ్చుకున్నవాళ్ళు వాళ్ళంతా. వాళ్ళకి వెకేషన్లు లేవు కాబోలు.

వెకేషన్ లేని జ్యూరీ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే 1670 లండన్‌కి వెళ్ళాలి. వీధిలో మతబోధ చేశాడని విలియం పెన్ మీద, ఇంకొకాయన మీద కేసు. న్యాయమూర్తులు కోరిన తీర్పు ఇవ్వం అన్నందుకు పన్నెండు మంది జ్యూరర్లని రెండు రాత్రులు తిండి, నీళ్ళు, నిప్పు లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా నిర్దోషులే అన్నారు. అందుకు జరిమానా, కట్టేదాకా జైలు. వాళ్ళలో ఎడ్వర్డ్ బుషెల్ అనే మొండివాడు కట్టనని పై కోర్టుకెళ్ళి, తీర్పు నచ్చలేదని జ్యూరర్‌ని శిక్షించకూడదనే సూత్రాన్ని సాధించాడు. నాకు ఆయన మీద అపార గౌరవం. కానీ తెలివి అంటారా, "నాకు ఆ వారం దోహా మీదుగా టికెట్లున్నాయి" అన్న ఒక్క మాట తట్టలేదే పాపం.

మనవాళ్ళకి జ్యూరీ కొత్త అనుకోకండి. ఇండియాలోనూ ఉండేది. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి తన భార్యతో సంబంధం పెట్టుకున్న మనిషిని కాల్చి చంపిన కేసులో జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపితే అక్కడ శిక్ష పడింది. అప్పటికే చాలాచోట్ల సన్నగిల్లిన జ్యూరీ పద్ధతికి 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో ముగింపు పలికారు. పద్ధతి పోయిందే కానీ అలవాటు పోలేదు. మా గ్రూపే తీసుకోండి, 214 మంది. పొద్దున్న ఏ హీరో విడాకుల వార్తో పడితే, బ్రష్ చేసుకునేలోపు తప్పెవరిదో తేల్చేసి, భరణం ఎంతో కూడా నిర్ణయిస్తారు. సాక్ష్యం అడిగినవాణ్ణి గ్రూపులోంచి తీసేస్తారు. వీళ్ళలో ఎవరికైనా కోర్టు కవరొచ్చి, నిజంగా కూర్చుని రెండు వైపులా విని తీర్పు చెప్పమంటే మాత్రం, ఆ వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్.

ఇక సెలవు కోసం న్యాయాన్ని ఆపుతావా అనేవాళ్ళకి నా జవాబు: ఆ సంప్రదాయం కోర్టులదే. ఇండియాలో కోర్టులకి వేసవి సెలవులు తెల్లదొరల నాటి నుంచీ ఉన్నాయి. మరీ సెలవులంటే జనం ఏదో అనుకుంటున్నారని సుప్రీంకోర్టు 2024లో ఆ పేరు మార్చి "పాక్షిక పనిదినాలు" చేసింది. నేనూ అదే పద్ధతిలో జూన్ 12 నుంచి నన్ను పాక్షిక పౌరుడిగా పరిగణించమని కోరుతున్నాను.

నిజం చెప్పొద్దూ, వాయిదా అన్న మాట మా ఇంట్లో చెడ్డ మాట కాదు. నేను విన్న మొదటి కోర్టు పదమే అది. మా తాత 1994లో పక్క పొలం వాళ్ళ మీద పదకొండు సెంట్ల గట్టు గురించి దావా వేశాడు. "ఎల్లుండి వాయిదా" అంటే ఎల్లుండి కోర్టుకి వెళ్ళాలని అర్థం. వెళ్ళే రోజుకి వాయిదా అని పేరు పెట్టుకున్న భాష మనది, దాచుకోలేదు. తెలంగాణలో పేషీ అంటారు, అదీ అంతే దూరం వెళుతుంది. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు, మా తాతకి ఆ రెండు అవకాశాలూ రాలేదు. కేసు నాన్నకొచ్చింది, గుడ్డ సంచీతో సహా.

జూన్ 20కి ఊరు చేరాం. అమ్మ పెట్టిన ముద్దపప్పూ ఆవకాయా తిని, వేలికి అంటిన నూనె ఇంకా వదలకముందే నాన్న అన్నాడు: "ఒరేయ్ అబ్బాయ్, సమయానికొచ్చావు. సోమవారం మన వాయిదా. నువ్వు కూడా వస్తే ప్లీడరు గారికి కాస్త హుషారుగా ఉంటుంది."

అలా, అమెరికా కోర్టు నన్ను రమ్మన్న జూన్ 22 సోమవారం నాడు నేను కోర్టులోనే ఉన్నాను. వరండాలో, ఒక కాలు ఊగే బల్ల మీద, నాన్న పక్కన. ఒళ్ళో గుడ్డ సంచీ, అందులో తాత చేతిరాతతో అడంగల్ నకళ్ళు, మడతల దగ్గర అతికించిన ప్లాస్టర్ పసుపురంగుకి తిరిగి పెళుసెక్కింది. అవతలి పార్టీ ముసలాయన ఎదురు బల్ల మీద కూర్చుని, నాన్నకి చక్కెర లేని టీ చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు ఒకే కోర్టుకి వస్తే ఎవరి షుగర్ ఎంతో తెలిసిపోతుంది. పన్నెండింటికి బంట్రోతు మూడుసార్లు పేర్లు పిలిచాడు. లేచి, చొక్కా సర్దుకుని లోపలికి వెళితే బెంచ్ క్లర్క్ తలెత్తకుండానే చెప్పాడు. జడ్జిగారు లేరట. ఎల్‌టీసీ మీద కుటుంబంతో ఊరెళ్ళారట, ఎప్పుడో బుక్ చేసుకున్నారట.

వేరే ఎవరైనా అయితే కోప్పడేవాళ్ళు. నాకు ఆయన మీద సోదరభావం కలిగింది.

"సెప్టెంబరు 30" అన్నాడు క్లర్క్. నాన్న జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకుంటూ, "ఈసారికి కూడా నువ్వుంటే బాగుండేదిరా" అన్నాడు.

"కుదరదు నాన్నా. 28న నాకూ అక్కడ కోర్టు వాయిదా ఉంది."

నాన్న పెన్ను ఆగింది. అవతలి ముసలాయన విన్నాడేమోనని ఒకసారి అటు చూసి, నా మోచెయ్యి పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు:

"నీ మీదెవరు వేశార్రా దావా? అక్కడ కూడా గట్టు తగాదాలేనా?"