ఆకాశంలో దగ్గరి దారి ఎవరి చేతిలో ఉంది?

రెండు నగరాల పేర్లు కొట్టగానే ‘ఇంత దూరం, ఇన్ని గంటలు’ అని తేల్చేసే వెబ్‌సైట్లు బోలెడు. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చే కొలతే ఆ దూరం. దాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, విమానం పైకి లేచి, దిగడానికి ఓ అరగంట కలుపుతాయి. ఈ లెక్కలో విమానం ఉంది గానీ ఆకాశం లేదు.

ముందు గాలి సంగతి. 6,000 కిలోమీటర్ల దారి తీసుకోండి. వెనక నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి తోస్తే 5 గంటల 43 నిమిషాల్లో చేరతాం. అదే గాలికి ఎదురెళ్తే సరిగ్గా 8 గంటలు. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది, చెల్లుకు చెల్లు అనుకుంటారు చాలామంది. చెల్లదు. గాలే లేకపోతే రానూపోనూ 13 గంటల 20 నిమిషాలు, గాలి ఉంటే 13 గంటల 43. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టానిదే పైచేయి.

ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఇంకా గట్టి సాక్ష్యం. 2016లో ఎయిరిండియా ఈ సర్వీసును అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ మీదికి మార్చింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరింది. పడమటి గాలి వెనక నుంచి తోయడంతో ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది!

గాలి రోజుకో తీరు, పోల్చుకోవడానికి మారని అంకె ఒకటి ఉండాలి కదా అనేవారున్నారు. సగటు గాలినీ, రన్‌వే దాకా పట్టే సమయాన్నీ కలుపుకొనే టైంటేబుల్ వేస్తారన్నదీ నిజమే. కానీ ఆ టైంటేబుల్‌నే తలకిందులు చేసేది ఇంకొకటుంది, అనుమతి.

తన నేల మీది ఆకాశంపై ప్రతి దేశానికీ సంపూర్ణ సార్వభౌమాధికారం ఉందని 1944 నాటి షికాగో ఒప్పందం మొదటి అధికరణంలోనే రాసుకున్నారు. దాని ఫలితం హెల్సింకి–టోక్యో దారిలో చూడండి. సైబీరియా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో అయ్యే ప్రయాణం, 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక దాదాపు 13 గంటలైంది. ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా చుట్టుకునో వెళ్లాలి. రెండు ఊళ్లూ అంగుళం జరగలేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ భారత విమానాలకు దారి మూసేస్తే, ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే సర్వీసులు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో, కోపెన్‌హేగన్‌లో దిగాల్సివచ్చింది.

చుట్టుదారి ఖర్చు కిలోమీటర్ల లెక్కన పెరిగి ఊరుకోదు. అదనపు ఇంధనమూ బరువే. ఆ బరువును మోయడానికే గంటకు అందులో మూడు నాలుగు శాతం కాలిపోతుంది. పదో గంట తర్వాత వాడదామని ఎక్కించిన టన్నులో సుమారు మూడో వంతు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. టేకాఫ్ బరువు పరిమితి దాటితే ముందు సరుకు దించుతారు, తర్వాత సీట్లు ఖాళీగా వదిలేస్తారు. సిబ్బంది డ్యూటీ గంటలు మించితే అదనపు పైలట్ కావాలి. దారి మూసిన దేశం పోగొట్టుకునేది తన ఓవర్‌ఫ్లైట్ రుసుమును, అంటే తన ఆకాశం మీదుగా వెళ్లినందుకు తీసుకునే సొమ్మును. మిగతా బిల్లు విమాన సంస్థ మీద, దాన్నుంచి ప్రయాణికుడి మీద పడుతుంది.

అందుకే టికెట్ అమ్మే చోట దారం కొలత పక్కనే, ఆ విమానం గత వారం నిజంగా ఎగిరిన దూరం, పట్టిన గంటలు చూపించాలి. ట్రాకింగ్ సమాచారం ఎలాగూ బహిరంగంగానే ఉంది. మళ్లింపు ఉంటే, ఏ దేశపు ఆకాశం మూసినందుకు వచ్చిందో ఆ పేరు కూడా అక్కడే రాయాలి.