వార్ గారికి, రాయదుర్గం మెట్రోలోంచి

జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వేరియబుల్‌ని డిక్లేర్ చేసే పాత కీవర్డు, మహారాజశ్రీ వార్ (var) గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ గానీ, ఇక్కడ కుశలం లేదు. మీ పుణ్యమా అని ఇవాళ ఇంకో ఇంటర్వ్యూ పోయింది.

ఆఫీసులో పంటినొప్పి అని చెప్పి హాఫ్ డే పెట్టాను. స్లాటు రెండింటికి. ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి నాలుగింటికి వచ్చి, సారీ అన్నమాట కూడా లేకుండా, స్క్రీన్ మీద మిమ్మల్ని ప్రవేశపెట్టాడు. ఫర్ లూపు, అందులో వార్ ఐ, సున్నా నుంచి మూడు లోపు, లోపల ఐని కాసేపాగి ప్రింట్ చెయ్యమనే ఒక సెట్‌టైమౌట్. "ఔట్‌పుట్ ఏంటి?"

మూడు, మూడు, మూడు.

అమీర్‌పేట హాస్టల్లో నా పక్కమంచం పిల్ల నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. మీరు బ్లాకుకి, అంటే కర్లీ బ్రాకెట్ల మధ్య ముక్కకి, లొంగరు, ఫంక్షన్ మొత్తానికీ మీరొక్కరే. తర్వాత నడవాల్సిన మూడు ఫంక్షన్లకీ, అదే కాల్‌బ్యాకులకీ, తలా ఒక ఐ ఉండదు, ఉన్న ఒక్కటే అందరిదీ. సున్నా మిల్లీసెకండ్లని రాసినా లూపు అయ్యేదాకా వాటి వంతు రాదు. మా మెస్ బోర్డు లాగే: పొద్దున్నుంచి ఎన్ని కూరలు రాసి చెరిపినా, రాత్రి ఆలస్యంగా వెళ్లిన ముగ్గురికీ కనపడేది చివర రాసిన సొరకాయే.

ఇదంతా చెప్పాను. "వార్ బదులు లెట్ పెడితే సరి, చుట్టుకో కొత్త ఐ వస్తుంది" అన్నాను. "లెట్ లేకుండా?" ఐఫీ, అంటే రాసిన చోటే వెంటనే నడిచే ఫంక్షన్, రాశాను. "ఐఫీ కూడా లేకుండా?" నోరు తడారిపోయింది. తిరిగొస్తూ మెట్రోలో వెతికితే తేలింది, సెట్‌టైమౌట్‌కి మూడో ఆర్గ్యుమెంటుగా ఐ ఇచ్చేస్తే చాలట! అప్పటికున్న విలువ అప్పుడే చేతికొచ్చేస్తుంది.

అయ్యా, లెట్, కాన్‌స్ట్ 2015లోనే వచ్చాయి. అప్పుడు నేను పదో తరగతి. ఉద్యోగంలో చేరాక మిమ్మల్ని ఒక్కసారీ రాయలేదు, రాస్తే కోడ్‌లో తప్పులు పట్టే లింటర్ ఊరుకోదు. పెళ్లిపనుల్లో చెయ్యి వెయ్యరు గానీ ఫొటోలో మధ్య కుర్చీ మాత్రం మీదే. ఏమీ లేదని చెప్పే నల్‌ని ఆబ్జెక్ట్ అని చెప్పుకు తిరిగే, విలువ ఏ రకమో చెప్పాల్సిన మీ టైప్‌ఆఫ్ సంగతి ఇక ఎత్తను. 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో కట్టిన భాష మీది. ఆ పది రోజుల్నే నేను ఆర్నెల్లుగా చదువుతున్నాను.

నిరుడు మా యాప్‌లో పాత ఐఫోన్లలో కీబోర్డు తెరవగానే డబ్బు కట్టే బటన్ దాని కింద దాక్కునేది. రెండు రోజులు కూర్చుని బయటికి లాగాను. ఆ బటన్ గురించి ఒక్కడూ అడగడేం? నా జీతం దానికేగా! ఎవడూ వాడని లూపులో ఎవడికీ అక్కర్లేని మూడు కోసం నా పంటినొప్పి ఎందుకు ఖర్చు చెయ్యాలి? ఇంకెన్ని పళ్లున్నాయి నాకు? చివర్లో హెచ్ఆర్ అమ్మాయి "నోటీస్ పీరియడ్ తొంభై రోజులా? అయ్యో, మాకు వెంటనే చేరేవాళ్లు కావాలండీ" అంది. అది పొద్దునే రెజ్యూమేలో చదువుకుంటే పోయేది కదా తల్లీ.

ఇందాక అమ్మ ఫోన్ చేసింది. "ఏమడిగారే?"

"మూడమ్మా. మూడుసార్లు."

"పోన్లే, తొమ్మిది మార్కులొచ్చినట్టేగా."

ఇట్లు,
డిక్లేర్ అయ్యి, విలువ ఇంకా అందని
ఒక అభ్యర్థిని