బతికున్నట్టు రుజువు

2022 నవంబరు చివరి వారం. డిసెంబరు 4న నేవీ డే, విశాఖకు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వస్తున్నారు. ఆర్కే బీచ్ మీద యుద్ధ విమానాల రిహార్సల్స్. ఆ మోతలోనే మా పెద్దమ్మ ఓ సేవా కేంద్రంలో వేలిముద్ర పడక తంటాలు పడుతోంది. పెదనాన్న 1971 యుద్ధంలో పనిచేశారు. ఆయన పోయాక ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఏటా ఓసారి బతికే ఉన్నానని చూపించుకోవాలి.

"చెయ్యి కడుక్కురండి మామ్మగారూ" అన్నాడు కుర్రాడు. కడుక్కుని, కొంగుతో తుడుచుకుని పెట్టింది. పడలేదు. ఎడమ చెయ్యీ అంతే. అరవై ఏళ్లు అంట్లు తోమి, చింతపండు పిసికిన వేళ్లు; గీతలెక్కడ మిగులుతాయి? ఓటీపీ బెంగళూరులో ఉన్న మనవడి ఫోనుకు పోయింది. వాడు మీటింగులో ఉన్నాడు.

తనిఖీ వద్దనను. పోయినవాళ్ల పేరు మీద పెన్షన్ లాగేసేవాళ్లు లేరా ఏమిటి? 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక చాలామందికి బ్యాంకు మెట్లెక్కే పని తప్పింది కూడా. నా బాధల్లా ఒకటే. మెషీను మొరాయిస్తే తప్పు ముసలావిడదే అవుతోంది. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి "ఉన్నారు" అని రాసే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

అదే బీచ్ రోడ్డులో జ్ఞాపకాలకు లోటు లేదు. కుర్సురా జలాంతర్గామి, టీయూ-142 విమానం, విక్టరీ ఎట్ సీ స్తూపం. కుర్సురాలో మాజీ నావికులు గైడ్లుగా తిప్పుతుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందీ ఈ తీరంలోనే. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాలదీ చెరో మాట. కానీ 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేస్తే ఊరు ఖాళీ అయిందనీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలిపోయిందనీ ఎంతమందికి తెలుసు? అప్పుడు పేలని ఓ బాంబు మ్యూజియంలో ఉంది. పిల్లల్ని చంకనేసుకుని ఊరు వదిలినవాళ్లకు మాత్రం ఓ రాయి కూడా లేదు. ఆయుధాన్ని నిలబెడితే ఏళ్ల తరబడి నిలబడుతుంది. మనుషులైతే తిండీ మందులూ అడుగుతారు, పైగా ముసలివాళ్లవుతారు.

మర్నాడు పోస్ట్‌మన్‌ను ఇంటికే పిలిచాం. 2020 నుంచి తపాలా బ్యాంకు వాళ్లు 70 రూపాయలకు ఇంటికొచ్చి ఈ పని చేసిపెడుతున్నారు. ముందే ఎందుకు తట్టలేదో! అతను హడావిడి పడలేదు. కాఫీ తాగాడు, ఆమె వేలికి కాస్త కొబ్బరినూనె రాయించాడు, ఒక్కో వేలూ ఓపిగ్గా పెట్టించాడు. నాలుగో వేలికి పడింది.

పెద్దమ్మ ఫోను స్క్రీన్ వైపు వంగి చూసింది.

"ఇందులో మీ పెదనాన్న పేరుందా?"

"పెన్షన్ ఆర్డరు నంబరుంది పెద్దమ్మా" అన్నాను.