నాయకుడికి సిగ్నల్ ఉండాలి

విజయవాడలో మూడు రోజుల నాయకత్వ శిక్షణ నుంచి తిరిగొచ్చాక మా హెడ్మాస్టారిలో పరివర్తన కొట్టొచ్చినట్టు కనపడుతోంది. బెంజి సర్కిల్ దగ్గర హోటల్లో ఏసీ పడక గొంతు పోయింది. ఆ గొంతుతోనే, 'మేనేజరు వేరట, లీడరు వేరట మాస్టారూ' అన్నారు. తేడా ఏమిటండీ అంటే, రాసుకునేలోగా స్లైడు మార్చేశారట.

గుంటూరులో మా బడికొచ్చి చూస్తే ఆ తేడా నేను చూపిస్తాను. పొద్దున ప్రేయర్ అవగానే నాయకుడు మరుగుదొడ్ల ముందు నిలబడతాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఒక కన్ను మూసి, 'ఒరేయ్, నీ నీడ పడుతోందిరా, పక్కకి జరుగు' అంటాడు. బకెట్ కనపడాలి, మగ్గు కనపడాలి, తడి కనపడకూడదు. ఫొటో బాగానే వస్తుంది, బడి శుభ్రత చూపించాల్సిన సర్కారు యాప్‌లోకే ఎక్కదు. గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆయన చెప్పే ఎనిమిదో తరగతి లెక్కలు కూడా దానితోపాటే తిరుగుతుంటాయి. మొన్న ఒక పిల్ల గుమ్మంలో నిలబడి అడిగింది: 'సార్, ఇవాళ లెక్కలా, యాప్పా?'

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనేతర పనులు టీచర్లకు అప్పజెప్పకూడదు. యాప్ విపత్తు కిందికి వస్తుంది కాబోలు.

సమూల మార్పు రాలేదనడం మాత్రం అన్యాయం. 2020లో విద్యా కానుకగా వచ్చిన సంచి ఇప్పుడు విద్యార్థి మిత్ర అయింది. బడులు బాగుచేసే నాడు-నేడు పథకం 'మన బడి-మన భవిష్యత్తు' అయింది. మధ్యాహ్న భోజనం గోరుముద్ద కాస్తా 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకుంది. సాంబారు మాత్రం పాత పేరుకే పలుకుతోంది. (ఆ సీతమ్మగారు లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండి వడ్డించారు. ఏ పూట ఎంతమంది తిన్నారో ఎక్కడా అప్‌లోడ్ చేసిన దాఖలా లేదు. ఇప్పుడైతే మెమో ఇచ్చేవాళ్లు.)

శిక్షణలో ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫీసు రూములో గోడకి ఆనించి ఉంది. మేకు కొట్టాలంటే ముందు మేకు కొనాలి. ఏ గ్రాంటులో కొనాలో స్లైడులో లేదు.

పదిన్నరకి మండలం ఆఫీసు నుంచి ఫోన్: 'మీ బడి ఒక్కటే పెండింగ్ సార్.' మండలం గ్రూపులో పేరు ఎర్ర రంగులో పడింది. హెడ్మాస్టారు క్లాసు వదిలి వరండాలోకి పరుగెత్తారు.

'సిగ్నల్ ఎక్కడరా?'

పదో తరగతి కుర్రాడు, ఆ విషయంలో మా అందరికీ గురువు, వాటర్ ట్యాంకు వైపు నడిచాడు. మా లీడరు ఫోను పైకెత్తి పట్టుకుని వాడి వెనకాలే వెళ్లారు.