ఈ గుర్తు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఈ గుర్తు గారికి నమస్కరించి రాయునది.

మీకు నేను తెలియను. మీరు మాత్రం ఏడాదిన్నరగా నా కలలోకి వస్తున్నారు. టైరు పక్కగోడ మీద, కంపెనీ పేరు రాసిన పెద్ద అక్షరాలకు దూరంగా, గోరంత వలయంలో ఇంగ్లీషు అక్షరం ఈ, దాని పక్కన ఓ చిన్న అంకె, టైరు పరీక్ష పాసైందని చెప్పే ముద్ర. అంతే మీ స్వరూపం. జర్మనీలో తిరిగే దాదాపు ప్రతి కారుకూ నాలుగు చక్రాల మీదా మీరుంటారు. అయినా ఏ డ్రైవరూ వంగి మీ మొహం చూసిన పాపాన పోడు. నేను చూశాను. ముందు వంగి, తర్వాత కూర్చుని, చివరికి బోర్లా పడుకుని మరీ చూశాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

నా దగ్గర 1972 నాటి డాట్సన్ 240జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారు ఉంది. కాలిఫోర్నియాలో పెరిగి, ఓడెక్కి, నేనుంటున్న జర్మనీలో దిగింది. పుట్టినప్పుడు దానికి 14 అంగుళాల చక్రాలు, 175 మిల్లీమీటర్ల టైర్లు. సన్నటి కాళ్ల పిల్ల. అక్కడి పాత యజమాని ఎవరో వాటిని పీకేసి, 8 అంగుళాల వెడల్పుండే 15 అంగుళాల రిమ్ములు వేయించి, అవి పట్టేలా మడ్‌గార్డులు బయటికి ఉబ్బించి, 225/50 ఆర్ 15 టైర్లు (225 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు) తొడిగాడు. ఫొటో చూసి నేను పడిపోయింది సరిగ్గా ఆ ఉబ్బు దగ్గరే. ఇంజను గురించి అడిగింది మర్నాడు. తుప్పు గురించి అడిగింది డబ్బు పంపాక. టైరు సైజు గురించి అయితే అసలు అడగనేలేదు. టైరు అంటే నల్లగా, గుండ్రంగా ఉంటుంది, అరిగితే ఇంకోటి కొంటాం అనుకునే రోజులవి.

ఇక్కడ ఇలాంటి కారు రోడ్డెక్కాలంటే ముందు తనిఖీ ఇంజనీరు గారి దర్శనం చేసుకోవాలి. మార్చిన ప్రతి వస్తువునూ ఆయన పరీక్షించి, కారు కాగితాల్లో రాయాలి. ఆయన టార్చిలైటు పట్టుకుని వచ్చారు. బ్రేకులు బాగున్నాయన్నారు. స్టీరింగు బాగుందన్నారు. రిమ్ము మీద పోతపోసిన నంబరు రాసుకున్నారు. తర్వాత ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, టైరు గోడ మీది దుమ్మును బొటనవేలితో తుడుస్తూ, రాతి శాసనం చదువుతున్నట్టు చుట్టూ చదువుకుంటూ వెళ్లారు. డాట్ అనే అమెరికా అక్షరాలు దొరికాయి. వాటి చివర 2316 అని ఉంది. అంటే 2016లో 23వ వారం పుట్టిన టైరు. ఒక యూరో నాణెం టైరు గాటులో పెట్టి లోతు చూశారు. నాణెం చుట్టూ ఉండే పసుపు అంచు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, అది పూర్తిగా మునిగిపోయింది. చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్లే. నేను లోలోపల మీసం మెలేశాను.

ఆయన కారును లిఫ్ట్ మీద పైకెత్తించి, లోపలివైపు గోడ కూడా అలాగే చదివారు. నాలుగు టైర్లకూ ఎనిమిది గోడలు. దిగి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "టైర్లు చాలా బాగున్నాయి. చెల్లవు" అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడతో జరిగిన సంభాషణ మీకు తెలియాలి, మీ పేరు మీదే కనుక.

"ఏమన్నారండీ?"

"టైర్లకు ఈ గుర్తు లేదట."

"ఏ గుర్తు?"

"అవును, ఇక్కడివాళ్లు దాన్ని ఏ అనే పలుకుతారు. నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు? ఏ గుర్తు అని అడుగుతున్నా."

"ఈ గుర్తు."

"ఏదీ?"

"అదే లేదంటున్నా కదా."

ఆవిడ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. మీ వల్ల మా ఇంట్లో జరిగిన మొదటి నష్టం అది.

రెండోది కారు అనుమతి. చెల్లని టైరు తొడిగితే బండి అనుమతి రద్దవుతుందని మనమంటాం. జర్మన్‌లో దానికి 'ఆరిపోవడం' అనే మాట వాడతారు, దీపం ఆరినట్టు. పెట్రోలు నిండుగా ఉంది, బ్యాటరీ కొత్తది, ఇంజను ఒక్క తాకుకే లేస్తోంది. కానీ చట్టం దృష్టిలో కారు ఆరిపోయి ఉంది.

ఇంతకీ ఎవరీయన, ఎక్కడి వంశం అని మీ చరిత్ర తవ్వాను. 1958లో జెనీవాలో ఒక ఒప్పందం కుదిరిందట: ఒక దేశం పరీక్షించి ఒప్పుకున్న వాహన భాగాన్ని మిగతా దేశాలు మళ్లీ పరీక్షించకుండా ఒప్పుకోవాలి అని. మంచి ఆలోచనే, కాదనను. మీ పక్కన ఉండే అంకె, అలా ఒప్పుకున్న దేశానిది. జర్మనీది 1, ఫ్రాన్సుది 2, ఇటలీది 3, నెదర్లాండ్స్‌ది 4, బ్రిటన్‌ది 11. జపాన్ 1998లో వచ్చి చేరింది, ఆలస్యంగా వచ్చినవాళ్లకు వెనక వరసే కనుక 43. అమెరికా మాత్రం ఆ పంక్తిలో కూర్చోలేదు. అక్కడ టైరు తయారీదారే "మా సరుకు ప్రమాణాలకు తగ్గట్టే ఉంది" అని తనకు తాను చెప్పుకుని డాట్ అని కొట్టేస్తాడు. అక్కడ గంటకు 70 మైళ్ల వేగంతో ఎడారులు దాటిన టైరు, ఓడ దిగగానే అట్టముక్కతో సమానమైంది.

సరే, గుర్తు ఉన్న టైరే కొందామని బయల్దేరాను.

టైర్ల దుకాణంలో కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని కారు కోడ్ చెప్పమన్నాడు. ఇక్కడ కాగితాల్లో ప్రతి కారు మోడల్‌కూ ఒక కోడ్ ఉంటుంది, అది కొడితే టైరు సైజులన్నీ వాటంతటవే వస్తాయి. నా కారు విడిగా దిగుమతి చేసుకున్నది కనుక ఆ గడిలో 000 అని ఉంది. కుర్రాడు మూడు సున్నాలు కొట్టాడు. ఇలాంటి కారు లేదు అంది కంప్యూటరు. కిటికీలోంచి చూపించాను, అదుగో అని. అతను కారు వంక చూశాడు, కంప్యూటరు వంక చూశాడు, కంప్యూటరునే నమ్మాడు.

"195/65 ఆర్ 15 ఇవ్వమంటారా? గుట్టలు గుట్టలుగా ఉన్నాయి" అన్నాడు పోనీలే పాపం అన్నట్టు. కుటుంబాల కార్లకు వేసే టైరది. నా 8 అంగుళాల రిమ్ము మీద దాన్ని సాగదీసి తొడిగితే చిన్నవాడి చొక్కా పెద్దవాడికి వేసినట్టే. పైగా అంత వెడల్పు రిమ్ముకు ఆ టైరు వేయకూడదని నియమం. ఇంట్లో కూర్చుని 225 అని, 15 అని కొట్టి వెతికితే 225/70 ఆర్ 15 సీ వరసగా వచ్చాయి. సీ అంటే సరుకుల వ్యాను టైరు. లెక్క వేశాను: దాని ఎత్తు 696 మిల్లీమీటర్లు, నాకు కావలసింది 606. అవి తొడిగితే 240జెడ్ మీద పార్సిళ్లు పంచుకోవచ్చు, మడ్‌గార్డులు కోసేసుకుంటే.

ఈ 606 సంగతి కూడా చెప్పాలి. కారు పుట్టుకతో వచ్చిన టైరు కంటే ఇది నాలుగు శాతం పైగా పొట్టి. కాబట్టి స్పీడోమీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. ఇంజనీరు గారు దీనికి ఏమీ అనలేదు. ఎక్కువ చూపిస్తే పరవాలేదట, తక్కువ మాత్రం చూపించకూడదట. నేను ఉద్యోగంలో రాసే రిపోర్టులకు కూడా ఇదే సూత్రం.

ఒకచోట మీ గుర్తు ఉన్న టైర్లు దొరికాయి! తెల్ల అక్షరాలు, చూడ్డానికి 70ల నాటి అందం. తీరా చూస్తే వేగం అక్షరం ఎస్. అంటే 180 కిలోమీటర్ల వరకే. నా కారు గరిష్ఠ వేగం కాగితాల ప్రకారం 200 దాటుతుంది, కనుక కనీసం హెచ్ ఉండాలి, అంటే 210. అయ్యా, ఆ కారులో 120 దాటితే కిటికీ అద్దాలు వాటంతటవే దిగుతాయి, 130 దగ్గర గ్లవ్ బాక్సు తెరుచుకుని లోపలి సరుకంతా మా ఆవిడ ఒళ్లో పడుతుంది. 180 ఎవరు వెళ్తారు? కానీ కాగితం వెళ్తుంది కదా. టైరు వేయాల్సింది కాగితానికి.

ఇక అసలు ముచ్చట. ఊరి బయట ఒక పెద్దాయన తన పాకలో నాలుగు టైర్లు ఉన్నాయని చెప్తే వెళ్లాను. 225/50 ఆర్ 15. వేగం అక్షరం వీ, హెచ్ కంటే పైదే. నా గుండె ఆగినంత పనైంది. టార్చి వేసి చదివాను. పుట్టినతేదీ దగ్గర నాలుగు అంకెలు లేవు, మూడే ఉన్నాయి: 347. రెండు వేలకు ముందు అలాగే వేసేవారు. అంటే 7తో ముగిసే ఏడాదిలో 34వ వారం, ఎంత కొత్తదనుకున్నా 1997. వేలితో కొడితే చెక్క తలుపు మోగినట్టు మోగింది. గోరు దిగలేదు. గాట్ల అడుగున ఎండిన చెరువులా నెర్రెలు. మీ గుర్తు కోసం వెతికాను. లేదు.

లేకపోయినా పరవాలేదట! మీ గుర్తు తప్పనిసరి అయింది 1998 అక్టోబరు ఒకటి తర్వాత తయారైన టైర్లకే. అంతకుముందు పుట్టినవాటిని మీరు అడగరు. కారు టైరుకు ఇన్నేళ్లు దాటితే తీసెయ్యాలని వయసు పరిమితి కూడా లేదు. అంటే ఈ గుర్తు గారూ, నిన్నగాక మొన్న పుట్టి, మెత్తగా, తడి రోడ్డును పట్టుకునే నా అమెరికా టైరు మీ దృష్టిలో నేరస్థుడు. పాతికేళ్లు పాకలో పడుకుని కర్రగా మారిన ఈ టైరు మీకు పెద్దమనిషి. నెర్రెలు చూసి ఇంజనీరు గారు ఎలాగూ బయటికి నెట్టేవారనుకోండి, అది ఆయన మంచితనం. మీ ప్రమేయం ఏమీ లేదు.

పెద్దాయన కాఫీ ఇచ్చారు. టైర్లు కొనలేదు.

ఓదార్పు కోసం నాకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను తలుచుకున్నాను. 1970లలో మిషెలాన్ కంపెనీ టీఆర్ఎక్స్ అని ఒక టైరు తెచ్చింది. దాని చక్రాన్ని అంగుళాల్లో కాక మిల్లీమీటర్లలో కొలుస్తారు, 390 అని. ఆ రిమ్ముకు మరే టైరూ పట్టదు. అప్పటి బీఎండబ్ల్యూలు, ఫెరారీలు కొన్ని ఆ చక్రాలతోనే వచ్చాయి. వాళ్లతో పోలిస్తే నాకు కనీసం అంగుళాలున్నాయి. ఇంకోవైపు లంబోర్గినీ కౌంటాచ్ ఎల్‌పీ400 ఎస్ వెనక చక్రాలకు 345/35 ఆర్ 15 కావాలి. పేరుకు నాలాగే 15 అంగుళాలు, వెడల్పు మాత్రం డైనింగ్ టేబులంత. అలాంటివాటికి పిరెల్లి పాత రూపంలోనే కొత్త టైర్లు పోసి ఇస్తుంది. డబ్బున్న ముసలితనానికి, డబ్బులేని ముసలితనానికి తేడా అక్కడ తెలిసింది.

నా కారుకు హెచ్ నంబరు ప్లేటు (ఇది వేగం హెచ్ కాదు) ఉండటం ఇంకో చిక్కు. 30 ఏళ్లు దాటిన బండిని వారసత్వ సంపదగా గుర్తించి ఇచ్చే ప్లేటు అది, పన్ను ఏడాదికి 191 యూరోల 73 సెంట్లు. మార్పులు చేసుకోవచ్చు గానీ ఆ కాలానికి తగ్గట్టుండాలి. నా రిమ్ములు 70ల నాటివే కాబట్టి సరిపోయాయి. అంటే చక్రం 1970ల నాటిదిగా ఉండాలి, దాని మీది రబ్బరు మాత్రం ఇప్పటి పరీక్ష పాసై ఉండాలి. వాడకం తగ్గిపోయిన సైజు కనుక అలాంటి టైరు దొరకడమే కష్టం. చలికాలం గురించి అసలు అడగకండి. అప్పుడు మీరొక్కరే చాలరు, చలికాలం టైరు గుర్తైన, మంచు బిళ్ల పెట్టుకున్న మూడు శిఖరాల కొండ గారు కూడా ఉండాలి. వారిని ఈ సైజులో నేనింతవరకు దర్శించుకోలేదు. అందుకే ప్లేటు మీద ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే అని వేయించుకున్నాను.

చివరికి మీరు ఎక్కడ దొరికారో తెలుసా? రేసు ట్రాక్ టైరు మీద. సెమీ స్లిక్ అంటారు. టైరు మధ్యలో రెండు గాట్లు, పక్కన అక్కడక్కడా మొహమాటానికి గీసిన గీతలు, మిగతాదంతా బోడిగుండు. పొడి ట్రాక్ కోసం అని తయారీదారే రాశాడు. దాని గోడ మీద వలయంలో మీరు, పక్కన 4. జపాన్‌లో పుట్టి, నెదర్లాండ్స్‌లో పాసై, జర్మనీలో చెల్లుతుంది. వానలో నడిపాను. రౌండబౌట్‌లో సబ్బు బిళ్ల మీద నిలబడ్డట్టు ఉంది. వెనకనుంచి సైకిలు మీద వచ్చిన ఒక ముసలావిడ నన్ను దాటుకుని వెళ్లింది, గంట కొట్టి మరీ. అయినా నేను చట్టబద్ధం.

మళ్లీ తనిఖీకి వెళ్లాను. అదే ఇంజనీరు గారు, అదే టార్చి. మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో తుడిచారు. ఒక చుట్టు. రెండో చుట్టు. తల అడ్డంగా ఊపారు. నా కాళ్లలో సత్తువ పోయింది. "లోపలివైపు చూడండి సార్" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. లిఫ్ట్ ఖాళీ లేదు. ఆయన నిట్టూర్చి, కింద అట్ట పరుచుకుని, వెల్లకిలా కారు కిందికి దూరారు. బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. చాలాసేపటికి లోపలినుంచి "ఉంది" అని వినపడింది. ఆయన బయటికి వచ్చాక నుదుటి మీద నల్లటి గ్రీజు మచ్చ, బొట్టులా.

టైరు బిగించినవాడు మిమ్మల్ని బ్రేకు డిస్కు వైపు తిప్పి కూర్చోబెట్టాడు. తప్పు నాది కాదు.

మళ్లీ తనిఖీ 24 నెలలకు. ఈ బోడిగుండు టైర్లు అంతవరకు ఉండవు, కొత్తవి వెతకాలి. అప్పుడు గుర్తు వేసేవాళ్లకు నా తరఫున ఒక్క మాట చెప్పండి: రెండు గోడల మీదా వేయమని. ఇంజనీరు గారికి నడుం నొప్పట.

ఇట్లు,
తమ దర్శనార్థం నేల మీద బోర్లా పడుకుని ఉన్న
225/50 ఆర్ 15, వేగం అక్షరం హెచ్‌కు తక్కువ కాకుండా