ఐడర్ పేరు ఐస్‌లాండ్ నుంచి వచ్చింది

ఉత్తరాది చల్లని సముద్ర తీరాల్లో ఉండే ఐడర్ బాతు మీద మీ వ్యాసం చాలా బాగుంది. అయితే పేరు ఇంగ్లీషుదని రాశారు, అది సరికాదండీ. దాని మూలం పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) మాట 'ఐథ్ర్'. ఐస్‌లాండ్‌లో నేటికీ 'ఐథుర్' అనే అంటారు. స్వీడిష్‌లో 'ఎయ్‌డర్'. నార్వేలోనైతే మధ్యలో హల్లు జారిపోయి 'ఏర్‌ఫుగ్ల్' అయింది. 'ఫుగ్ల్' అంటే పక్షి.

ఈ పేరు యూరప్ అంతా పాకడానికి కారణం ఈకల వ్యాపారం. తల్లి బాతు తన రొమ్ము మీది మెత్తటి నూగును పీకి గూట్లో పరుస్తుంది. దాన్ని రైతులు జాగ్రత్తగా ఏరుకుంటారు. కిలో నూగు కావాలంటే దాదాపు 60 గూళ్లు వెతకాలి! సరుకుతో పాటే పేరూ ఓడలెక్కింది. ఫ్రెంచివాళ్లు మెత్తటి బొంతను 'ఎద్రెదొఁ' అంటారు, అందులోనూ ఈ బాతు పేరే ఉంది. దయచేసి పేరు ఇంగ్లీషుదన్న ఆ వాక్యం సరిచేయండి.