ఓటు లేదా? అయితే నోటూ లేదు!

మెక్సికోలోని గ్వాదలహారా నగరాన్ని ఆనుకుని ఉన్న సపోపాన్‌లో 2015 జూన్‌లో జరిగింది చిన్న విషయం కాదు. హలిస్కో రాష్ట్ర చట్టసభకు అక్కడి పదో నియోజకవర్గం నుంచి 25 ఏళ్ల పేద్రో కుమామోతో ఏ పార్టీ జెండా లేకుండా గెలిచాడు. ఇంటిపేరులో జపాన్ మూలాలు, వెనకాల కాలేజీ స్నేహితులు, ప్రచారానికి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము 18 వేల చిల్లర పెసోలు. మన రూపాయల్లో లక్ష కూడా కాదు. అంత తక్కువ ఎందుకంటే, అక్కడి చట్టం ఇండిపెండెంట్లందరినీ కలిపి ఒకే ఒక్క కొత్త పార్టీగా లెక్కేసి, ఆ వాటానే వాళ్లందరికీ పంచుతుంది. అయినా 57 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ‘గోడలు కూలతాయి’ అన్నది అతని నినాదం.

ఆ ఏడాది అందరి కళ్లూ మరో మెక్సికో రాష్ట్రం నువో లియోన్‌లో ఇండిపెండెంట్‌గా గవర్నర్ పదవి గెలిచిన ‘ఎల్ బ్రోంకో’ హైమె రోద్రిగెస్ మీదే ఉన్నాయి. కానీ ఆయన మెక్సికోను దశాబ్దాల పాటు ఏలిన పీఆర్‌ఐ పార్టీలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి బయటికొచ్చిన మనిషి. అసలైన పరీక్ష కుమామోతోదే. 39 మంది ఉన్న సభలో ఒక్కడు ఏం చేయగలడు?

చేశాడు. పార్టీల డబ్బు మూటనే ముట్టుకున్నాడు.

మెక్సికోలో పార్టీలకు ఏటా ఖజానా నుంచి సొమ్ము వెళ్తుంది. ఎంత అనేది ఓటర్ల జాబితాను బట్టి తేలుతుంది. జాబితాలో ఎన్ని పేర్లున్నాయో చూసి, జరిమానాలు, రుసుముల్లాంటివి లెక్కగట్టడానికి ప్రభుత్వం ఏటా ప్రకటించే రోజువారీ ప్రమాణ మొత్తంలో 65 శాతంతో హెచ్చిస్తారు. ఇందులోని మెలిక చూడండి. జాబితాలో కోటి పేర్లుండి, పోలింగ్ రోజు 80 లక్షల మంది వచ్చినా, 30 లక్షల మందే వచ్చినా మూట బరువు ఒకటే. జనం విసిగిపోయి ఇంట్లో కూర్చుంటే పార్టీలకు ఒక్క పెసో నష్టం లేదు. ఓటరును బూత్ దాకా రప్పించాల్సిన అవసరమే వాళ్లకు లేదు.

కుమామోతో అడిగింది ఒక్కటే: జాబితాలో పేర్లను కాదు, నిజంగా పడి చెల్లిన ఓట్లను లెక్కపెట్టండి. ‘ఓటు లేకుంటే నోటు లేదు’ అని ఆ ప్రతిపాదనకు పేరు. 2017లో హలిస్కో సభ దాన్ని ఆమోదించింది. కొన్ని పార్టీలు సుప్రీంకోర్టుకెక్కితే, అదే ఏడాది కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఏ పార్టీ సభ్యుడైనా ఈ మాట తెచ్చేవాడా? సొంత పార్టీ ఆఫీసు అద్దె, సిబ్బంది జీతాలు ఆ మూటలోంచే రావాలి. కూర్చున్న కొమ్మను ఎవరు నరుక్కుంటారు? అతనికి ఆ కొమ్మ లేదు కాబట్టే నరకమన్నాడు. ఇండిపెండెంట్ ఉండాల్సింది ఇందుకే.

ఆ తర్వాత అన్నీ ఓటములే కదా అంటారు. నిజమే. 2018లో ఇండిపెండెంట్‌గా సెనేట్‌కు నిలబడి ఓడాడు. ఫుతూరో పేరుతో సొంత రాష్ట్ర పార్టీ పెట్టి 2021లో సపోపాన్ మేయర్ పదవికి పోటీ చేశాడు. 2024లో మొరేనా కూటమితో కలిసి మళ్లీ దిగాడు. రెండుసార్లూ ఓడిపోయాడు. నా దృష్టిలో మూడోది ఓటమి మాత్రమే కాదు, పొరపాటు కూడా. దేశాన్నే ఏలుతున్న పార్టీ నీడలో నిలబడ్డాక, గోడలు కూలతాయన్న మాటకు పాత బలం ఎక్కడిది? అయితే అతని ఓటములతో అతను తెచ్చిన చట్టాన్ని తూచడం మాత్రం అన్యాయం.

ఇదంతా చదువుతుంటే మన ఊళ్లు గుర్తురాకుండా ఎలా ఉంటాయి? మన దగ్గర ‘ఓటుకు నోటు’ అంటే అర్థం వేరు. పోలింగ్‌కు ముందు రాత్రి గడపగడపకూ కవర్లు తిరుగుతాయి. పక్క వీధికి అందినంత మనకు అందలేదని పెద్దమనుషులే గొడవకు దిగుతారు. దీనికి ఓటరును తిట్టి ఊరుకుంటాం, చట్టం వైపు చూడం. మన అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల రూపాయల పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు! రాష్ట్రమంతా పార్టీ కట్టే హోర్డింగులు, టీవీ ప్రకటనలు ఏ అభ్యర్థి లెక్కలోకీ రావు. ఇండిపెండెంట్ మాత్రం కట్టిన ప్రతి ఫ్లెక్సీ, తిప్పిన ప్రతి ఆటో తన ఖాతాలోనే రాసుకోవాలి. అంటే పరిమితి నిజంగా పట్టేది అతనొక్కడినే. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లను కొట్టేసినప్పుడు పండగ చేసుకున్నాం గానీ, ఈ తేడా గురించి ఎవరూ గట్టిగా అడగలేదు.

పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టమని పార్టీ ఎమ్మెల్యే అడగడు, ఎంపీ అంతకన్నా అడగడు. అడగాలంటే ఆ మూటలో వాటా లేనివాడు ఒక్కడైనా సభలో ఉండాలి. వచ్చే ఎన్నికల్లో బ్యాలెట్ చివర, తెలియని గుర్తుతో ఉండే ఆ పేర్లను ఈసారి ఒక్కొక్కటిగా చదవండి.